పక్కకు జరగని ఇంగ్లీషు

ఇంగ్లీషు నేర్పడానికి మంచి పద్ధతి ఏదని ఎవరైనా నన్ను అడిగితే, ముందు నేర్చుకునే మనిషి కాళ్ళు చూడండి అంటాను. నవ్వుతారు. నవ్వుకోనీ. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బళ్ళో కొన్నేళ్ళు, పెళ్ళయి కువైట్ వచ్చాక ఇంకొన్నేళ్ళు ఇదే పని చేసినదాన్ని, ఊరికే నోటికొచ్చింది చెప్పను.

ఫహాహీల్‌లో ఒక హోటలు పైన మన తెలుగు వాళ్ళ సంఘానికి చిన్న హాలు ఉండేది. శుక్రవారం మధ్యాహ్నాలు అందులో క్లాసు పెట్టుకోమన్నారు. వచ్చేవాళ్ళు ఎక్కువగా మా కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళే. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు కొందరు, షుఐబా ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనివాళ్ళు కొందరు. సంఘం అధ్యక్షుడు విజయవాడ ఆయన, పెద్ద ఇంజనీరు. మొదటి రోజే ఒక పుస్తకాల కట్ట మోయించుకుని వచ్చి బల్ల మీద పెట్టించాడు.

"ముందు మర్యాద నేర్పండమ్మా. ప్లీజ్, సారీ, థాంక్యూ, ఇవొస్తే చాలు వీళ్ళకి. వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కి తలా నాలుగు ముక్కలు మాట్లాడితే సంఘానికీ పేరొస్తుంది" అన్నాడు.

నేను ఆ కట్ట విప్పలేదు. మా వాళ్ళకు మర్యాద ఒకరు నేర్పాలా? అది ఎక్కువై చస్తున్నారు వాళ్ళు.

క్లాసులో రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు. నాకంటే బాగా పెద్ద. చాలాకాలం అమ్ఘరాలో తుక్కు ఇనుము లారీలకెత్తి నడుము పాడుచేసుకున్నాడు. ఎట్లాగో ఒక కాంట్రాక్టరు దగ్గర చేరి షుఐబాకు మారాడు. అక్కడ హోల్ వాచ్ అనే పని ఒకటి ఖాళీ అయింది. పెద్ద పెద్ద ట్యాంకుల్లోకి మనుషులు దిగి శుభ్రం చేసేటప్పుడు, దిగే కంత దగ్గర బయట ఒకడు కాపలా నిలబడాలి. చేతిలో పర్మిట్ లేకపోతే, వచ్చినవాడు ఎంత గొప్పవాడైనా సరే, లోపలికి పోనివ్వకూడదు. లోపల విషవాయువు ఉందంటే దిగినవాడు మళ్ళీ పైకి రాడు. బరువులెత్తే పని కాదు కాబట్టి ఆ నడుముతో అన్న చేయగలిగింది అదొక్కటే. కానీ సేఫ్టీ ఆఫీసరు ముందు ఇంగ్లీషులో పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే మళ్ళీ అమ్ఘరాకే పంపిస్తానని ఫోర్‌మన్ చెప్పేశాడు.

పరీక్షకు పోయి వచ్చిన శుక్రవారం ముఖం వేలాడేసుకుని వెనక వరసలో కూర్చున్నాడు. ఏమైందన్నా అని అడిగాను.

"అడిగిందానికంతా చెప్పినా మేడమ్. గ్యాస్ వాసనొస్తే ఏం చేయాల, అలారం కొడితే యాడికి పోవాల, అన్నీ చెప్పినా. ఆకర్న ఆ సేఫ్టీ ఆయప్ప కుర్చీలోంచి లేసి, నేను మేనేజర్ని అనుకో, లోపలికి పోవాల అనె. నో సార్, నో పర్మిట్, నో ఎంట్రీ అంటి."

"బాగానే చెప్పినావు గదన్నా. మరి?"

"చెప్తా చెప్తానే పక్కకు జరిగి దారిచ్చినా మేడమ్."

క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద కాదు. మా వైపు పెద్దవాళ్ళు ఎదురొస్తే అరుగు మీద నుంచి లేచి, ఎగ్గట్టిన పంచె దించి, పక్కకు తప్పుకోవడం పిల్లలకు నడకతోపాటే నేర్పుతారు. నోటికి నేను కొత్త మాట ఇచ్చాను గానీ కాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి. ఇంకోసారి అవకాశం ఇస్తామన్నారట. అదీ పోతే అమ్ఘరానే.

నవ్విన వాళ్ళను ఒక్కొక్కరినే లేపి గుమ్మంలో నిలబెట్టి, నేను మీదికి నడిచాను. ఒక్కరు కూడా నిలబడలేదు. అందరికంటే గట్టిగా నవ్విన ఆవిడైతే తల వంచుకుని, కొంగు సర్దుకుని మరీ దారిచ్చింది.

ఆ రోజు నుంచి కుర్చీలు గోడకు చేర్చేశాను. అందరూ కలిసి అనడం మాన్పించాను. గుంపులో గోవిందా ఎవరైనా కొడతారు, ఒక్కరే నిలబడి ఒక్క మాట అనడమే కష్టం. వంతులవారీగా ఒకరు గుమ్మంలో నిలబడాలి. మిగిలిన వాళ్ళు దాటిపోవడానికి చూడాలి. బతిమాలొచ్చు, తిట్టొచ్చు, మేనేజరు ఫోన్లో ఉన్నాడని బొంకొచ్చు. గుమ్మంలో ఉన్నవాళ్ళు ముందు పాదాలు పాతుకోవాలి, తర్వాత చెయ్యి అడ్డం పెట్టాలి, కళ్ళలోకి చూడాలి, అప్పుడు నోరు తెరవాలి. మాట చిన్నదిగా ఉండాలి. దాని ముందు సారీ తగిలించకూడదు. "యూ నో గో ఇన్‌సైడ్" అన్నా నేను దిద్దేదాన్ని కాదు. మడమ వెనక్కి పోతే మాత్రం ఊరుకునేదాన్ని కాదు.

గొంతు మాత్రం లేచేది కాదు. స్టాప్ అనడం కూడా అర్జీ పెట్టుకున్నట్టు అనేవాళ్ళు. దానికి దారి క్లాసులోనే, ఒక అరబ్బు ఇంట్లో పనిచేసే అమ్మాయి చూపించింది.

"మా మామా ఖలాస్ అని ఒక్క అరుపు అరిసిందంటే ఇల్లంతా ఆగిపోతాది మేడమ్. ఇంగ్లీసులో అట్ల అరిసేది ఎట్ల?"

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, ఖలాస్ అంటే ఇక చాలు అని. ముందు ఆ ఖలాసే అరవమన్నాను. హాలు దద్దరిల్లింది. వాళ్ళు విన్న గొంతు అది, అచ్చంగా దించేశారు. అదే ఊపిరిలో స్టాప్ అనమన్నాను. వచ్చేసింది! కింద హోటలు కుర్రాళ్ళు ఏం గొడవో అని పైకి పరిగెత్తుకొచ్చారు. ఇన్నేళ్ళూ తలాడించడానికి తప్ప ఇంగ్లీషు వాడని వాళ్ళు అందులో గట్టిగా అరుస్తుంటే నాకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

అన్న దగ్గర మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. తోటివాళ్ళందరినీ ఆపేవాడు. నేను ఎదురొస్తే చాలు, మడమ లేచేది.

"మీరు టీచరు గదా మేడమ్, ఎట్ల ఆపేది?"

"నేను ట్యాంకులో పడి సస్తే నా పటానికి దండేసి దండం పెట్టుకుంటావా? దారిచ్చేది మర్యాద గాదన్నా. నన్ను ఇంటికి తిరిగి పంపించేది మర్యాద."

ఆయన గుమ్మంలో పాదాలు సర్దుకున్నాడు. మళ్ళీ నడవమన్నాడు. నడిచాను. ఈసారి చెయ్యి అడ్డం వచ్చింది గానీ మడమ ఇంకా అటూ ఇటూ ఊగుతూనే ఉంది.

రెండో పరీక్ష దగ్గర పడిన శుక్రవారం. గుమ్మంలో అన్న వంతు. మెట్ల మీద బూట్ల చప్పుడయింది. వార్షికోత్సవం గురించి మాట్లాడడానికి అధ్యక్షుడు వస్తున్నాడు, వెంట ఇంకో పెద్దమనిషి.

"స్టాప్!"

క్లాసు కొయ్యబారిపోయింది. అధ్యక్షుడు నవ్వి, "నేనయ్యా" అంటూ ముందుకొచ్చాడు.

"నో పర్మిట్, నో ఎంట్రీ."

"డూ యూ నో హూ ఐ యామ్?"

"ఎస్ సార్. ప్రెసిడెంట్ సార్. షో పర్మిట్."

నేను మడమ వైపే చూస్తున్నాను. కొంచెం లేచింది. మళ్ళీ నేలకు ఆనుకుంది. అధ్యక్షుడు అన్న భుజం మీదుగా నన్ను చూసి అరిచాడు.

"ఏంటమ్మా ఇది? చెప్పండి అతనికి!"

ఒక్క మాట అంటే అయిపోయేది. అతిథి ముందు ఆయన పరువు నిలిచేది, మాకు హాలు మిగిలేది. నాకు భయం వేసింది కూడా. కానీ ఆ మాట అంటే ఆ మడమ మళ్ళీ జన్మలో నేలకు ఆనదని తెలుసు. అందుకే అనలేదు.

"ఈ గుమ్మంలో ఆయన మాటే చెల్లుతుంది సార్. నేనూ దాటలేను" అన్నాను.

బూట్లు దబదబా మెట్లు దిగిపోయాయి. మరుసటి శుక్రవారానికి హాలుకు తాళం పడింది, మరమ్మతులట. పనివాళ్ళకు ఇంగ్లీషు పేరుతో పొగరు నేర్పుతోందని నా గురించి చెప్పుకున్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ట్యాంకు కంత దగ్గర నిలబడేది వాళ్ళు కాదు కదా. అవును, పొగరే నేర్పాను. ఇప్పుడు మా ఫ్లాటులో నేర్పుతున్నాను. శుక్రవారాలు మా ఇంటి ముందు చెప్పులు లిఫ్టు దాకా పరుచుకుంటాయి, మా ఆయన టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పోతాడు. పుస్తకాల కట్ట మాత్రం హాల్లోనే ఉండిపోయింది.

రెండో పరీక్ష రోజు నేను చింతపండు పిసుకుతుంటే ఫోను మోగింది. తడి చేత్తోనే తీశాను. అవతల బస్సు రొద.

"రేపట్నించి ట్యాంకు కాడ నిలబడమన్నారు మేడమ్."

ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను. ముందు ఇదే అడిగాను.

"ఆయన మళ్ళీ లేసినాడా అన్నా?"

"లేసె. ఈతూరి అరిసె గూడా. మీదమీదికొచ్చె."

"మరి కాళ్ళు?"

"కాళ్ళు ఆడ్నే ఉండె మేడమ్. ఆయప్పే ఎనక్కి పాయ."