ఆకు చేసిన పనా, అరచేయి చేసిన పనా

2012లో నేను శామీర్‌పేట దాటాక ఉన్న ఒక కాంట్రాక్ట్ ప్రయోగశాలలో రీసెర్చ్ అసోసియేట్‌ని. కాంట్రాక్ట్ ప్రయోగశాల అంటే సొంతంగా మందులు తయారు చేసేది కాదు. ఇతర సంస్థలు తెచ్చిన పదార్థాలను పరీక్షించి నివేదిక ఇచ్చేది. ఆ వేసవిలో మేడ్చల్‌లో చూర్ణాలు తయారుచేసే ఒక వ్యాపారి మాకు సరస్వతి ఆకు రసం అప్పగించాడు. అది మెదడులో కొత్త కణాలను పుట్టిస్తుందా అన్నది ఆయన ప్రశ్న. పుట్టిస్తుందని మేము రాసిస్తే ఆ మాటను డబ్బా మీద అచ్చు వేయించాలన్నది ఆయన ఆశ.

పెద్ద వయసులోనూ మెదడులో కొన్ని చోట్ల కొత్త కణాలు పుడతాయి. జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోక్యాంపస్ అటువంటి చోటు. ఎలుకలకు కొన్ని వారాలు రసం పట్టి, కొత్తగా పుట్టే కణాలకు మాత్రమే అంటుకునే గుర్తును ఎక్కించి, చివరికి మెదడును పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద లెక్కిస్తాం. ఏ పొర ఏ గుంపుదో లెక్కించేవారికి తెలియకూడదు. దీన్ని బ్లైండ్ కౌంటింగ్ అంటారు. లెక్కించింది నేనే. పొరల మీద గుంపు పేరుకు బదులు వేసిన సంకేతాలు విప్పి చూస్తే, నీళ్లు తాగిన గుంపు కంటే రసం తాగిన గుంపులో కొత్త కణాలు స్పష్టంగా ఎక్కువ. ఆ సాయంత్రం ప్రయోగశాలలో మిఠాయి పంచారు.

నివేదికలో పద్ధతిని వివరంగా రాయవలసింది కూడా నేనే. అదే రసంతో రెండో విడత నడుస్తుండడంతో, రసం పట్టే తీరును స్వయంగా చూద్దామని జంతుశాలకు వెళ్లాను. అక్కడ ఎలుకల బాగోగులు చూసేది అలియాబాద్‌కు చెందిన ఖాజా భాయ్; మొదటి విడతలోనూ రసం పట్టింది ఆయనే. మొన మొద్దుగా ఉండే వంకర గొట్టంతో రసాన్ని నేరుగా కడుపులోకి పంపిన తరువాత, ఆయన ఆ ఎలుకను తువ్వాలులో చుట్టి, ఛాతీకి ఆనించుకుని, అరచేత్తో మెల్లగా నిమిరాడు. నీళ్ల గుంపు వంతు వచ్చినప్పుడు మాత్రం గొట్టం తీయగానే ఎలుకను బోనులో వదిలేశాడు.

“భాయ్, వీటిని ఎందుకు పట్టుకోలే?”

“నీళ్లయి జల్దీ అయిపోతది మేడమ్. గీ రసం చిక్కగుంటది, మెల్లగ పొయ్యాలె. పాపం పరేషాన్ అయితయి. జర చేతిల పెట్టుకుంటే సల్లబడ్తయి.”

“పట్టుకోమని ఎవరన్న చెప్పిన్రా?”

“వద్దని ఎవరన్న చెప్పిన్రా?” అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. భయం, ఒత్తిడి కొత్త కణాల పుట్టుకను తగ్గిస్తాయని అప్పటికే చదివి ఉన్నాను. అలాంటప్పుడు మేము లెక్కించిన తేడా ఆకుదా, అరచేతిదా?

ఈ సందేహాన్ని మా స్టడీ డైరెక్టర్ ముందు ఉంచాను. ప్రయోగానికి బాధ్యుడు ఆయనే. కళాశాల చర్చావేదికల్లో నేర్చుకున్న అలవాటు కొద్దీ ఎదుటి పక్షపు బలమైన వాదనకు సిద్ధపడే వెళ్లాను గానీ, ఆయన వాదన నేను ఊహించిన చోటు నుంచి రాలేదు.

“రాయమ్మా. రాస్తే, ఇలా ఎవరు చేశారని పైవాళ్లు అడుగుతారు. ఖాజా పేరు చెప్పాలి. అతనిది కాంట్రాక్టు కొలువు, ఆ రోజే పోతుంది. నీ నిజానికి అతని కూడు ఖర్చు పెడతావా?”

ఖాజా భాయ్‌ని అడగకుండా నిర్ణయించే హక్కు నాకు లేదనిపించింది. భోజన విరామంలో ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన ముఖం వాడిపోయింది. “రాయకుంటే ఏమైతది?”

“మెదడుల కొత్త కణాలు పుట్టిస్తదని డబ్బా మీద అచ్చేస్తరు. మతిమరుపు ఉన్నోళ్లు నమ్మి కొంటరు.”

ఆయన టిఫిన్ గిన్నె మూత చేతిలోకి తీసుకున్నాడు. “మా అమ్మీకి నా పేరు సుత యాదికుంటలేదు. మిఠాయి పంచిన్నాడే అనుకున్న, గా డబ్బా తేవాలె అని.” తరువాత గిన్నె మూసేశాడు. “రాయుండ్రి మేడమ్. గని నేను తప్పు జేసిన్నని రాస్తే ఒప్పుకోను. పానమున్న జీవిని పట్టుకున్న, గంతే.”

ఆ వాక్యమే నా వాదనకు ఆధారమైంది. మా ప్రోటోకాల్‌ను, అంటే ప్రయోగానికి ముందు రాసుకునే నియమావళిని, మొదటి నుంచి చివరి దాకా చదివాను. రసం పట్టిన తరువాత జంతువును ఎలా ఉంచాలో అందులో ఒక్క మాట లేదు. లేని నియమాన్ని ఎవరూ ఉల్లంఘించలేరు. లోపం పత్రానిది, మనిషిది కాదు అని స్టడీ డైరెక్టర్‌కు లిఖితపూర్వకంగా ఇచ్చాను. ప్రయోగాన్ని నాలుగు గుంపులతో మళ్లీ చేయాలనీ కోరాను: రసం పట్టి నిమిరినవి, రసం పట్టి నిమరనివి, నీళ్లు పట్టి నిమిరినవి, నీళ్లు పట్టి నిమరనివి. అన్నింటినీ ఒకే చేయి చూడాలి కనుక ఖాజా భాయ్ ఉండి తీరాలని కూడా రాశాను.

విషయం విని మేడ్చల్ వ్యాపారి మండిపడ్డాడు. “ఏందమ్మా గిది? నేను ఆకు అమ్ముకునేటోన్ని. చేతులు అమ్ముతనా?”

“ఆకుల బలముంటే మళ్ల చేసినా కనబడ్తది సార్. లేకుంటే రేపు ఇంకోడు అడిగేదాని కన్న ఇయ్యాల మనమే అడుగుడు మంచిది.”

ఆయన గొణుగుతూనే ఒప్పుకున్నాడు. స్టడీ డైరెక్టర్ సంతకం పెట్టాడు గానీ కొన్ని వారాలు నాతో ముక్తసరిగానే మాట్లాడాడు.

ఈసారి నీళ్లు తాగి నిమిరించుకున్న ఎలుకల్లో కొత్త కణాలు, రసం తాగి నిమిరించుకున్న వాటితో దాదాపు సమానంగా ఉన్నాయి. రసం తాగినా చేతిలోకి తీసుకోని ఎలుకలకూ, ఏ ఆదరణా లేని నీళ్ల గుంపుకూ మధ్య తేడా ఉందని గట్టిగా చెప్పడానికి వీలు లేకపోయింది. ఆ మేరకే నివేదిక రాశాం. డబ్బా మీద ఆ మాట అచ్చు కాలేదు. ఆ వ్యాపారి మా దగ్గరికి మళ్లీ రాలేదు. ఖాజా భాయ్ కొలువు నిలిచింది.

ఫలితం చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒకటే: “అయితే మేడమ్, అమ్మీకి ఆకు పనిజేస్తదా, చెయ్యదా?”

వాదనకు అలవాటు పడిన నా నాలుకకు ఆ క్షణాన ఎన్నో వాక్యాలు అందాయి. ఎలుకకూ మనిషికీ మధ్య ఉన్న దూరం గురించి, ఆకులోని పదార్థాల గురించి, జరగవలసిన పరీక్షల గురించి. వాటిలో ఏదీ ఆయన ప్రశ్నకు జవాబు కాదు.

“ఇంకా తెల్వదు భాయ్” అన్నాను.

నన్ను నమ్మి అడిగిన మనిషికి తెలియదని చెప్పడం ఓటమి కాదని, ఆ మాట అనగలగడానికే మేము ఇంత పని చేశామని అప్పుడు అర్థమైంది.