బరాత్‌లో వాయించిన పదో పాట

నేను మూడో తరగతి దాకా చదివాను. పాటల మంచిచెడ్డలు చెప్పే చదువు నాకు లేదు. కానీ ఒక పాట మా ఇంట్లో ఎంత పని చేసిందో నాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఛత్రినాకలో మా అత్తగారిది పాల ఇల్లు. ఆరు బర్రెలు, రెండు దూడలు, వాటి వెనక మేము. నేను పెద్ద కోడలిని. పాలు పిండటం, దాణా కొలవటం, ఎవరికి ఎన్ని రొట్టెలో లెక్కగా చేయటం నా పని. నా చేతి మీదుగా ఏదీ వృథాగా పోదని గల్లీలో పేరు. అది పొగడ్తో తిట్టో నేనెప్పుడూ అడగలేదు.

మా చిన్న మరిది సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. జుమ్మెరాత్ బజారులో పాత రికార్డు ప్లేయరు కొని తెచ్చి, గడ్డి గదిలో దాణా డబ్బా బోర్లించి దాని మీద పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నమైతే అతని దోస్తులు ముగ్గురు వచ్చేవాళ్లు. నలుగురికీ ఒకే దేవుడు. గిటారు మెడలో వేసుకొని, తన పాటలు తానే కట్టుకొని పాడే గాయకుడు. సినిమాలకు పాడేవాడు కాదు. అయినా ఆ ఏడు మా దిక్కు చాయ్ హోటళ్లన్నిటిలో అతని గొంతే. మావాళ్లు నలుగురూ అతనిలాగే చెవులు మూసుకుపోయేట్టు జుట్టు పెంచారు. నూనె సీసా నెలకు రెండు తేవాల్సి వచ్చేది.

ఒక రికార్డులో పది పాటలు. తొమ్మిది పాటలు ఊరందరి నోట్లో ఉన్నవి. పదోది, రెండో వైపు చిట్టచివరిది, ఎవరికీ పట్టలేదు. అది మొదలుకాగానే పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పనిచేసే దోస్తు అరిచేవాడు.

"లేపు! సూది లేపు! మళ్ల ఏడుపు షురూ అయితది."

"ఉండనియ్యి భాయ్. ఒక్కసారి పూర్తిగ ఇను," అనేవాడు మా మరిది.

"ఏమున్నది ఇననీకి? నాలుగు దినాలు జరమొచ్చినోడు మూల్గినట్టుంది."

"నీకు కుర్చీలు ఇరిగేటట్టు ఎగిరితేనే పాట. ఇది ఇన్నంక మాట్లాడబుద్ధి కాదు."

"మాట్లాడకుంట కూసునేదానికి రికార్డెందుకురా? మా సేట్ ముంగట దినాం గట్లనే కూసుంటున్న."

అందరూ నవ్వేవాళ్లు. నేను గుమ్మంలో నిలబడి, "పది పాటలకు పైసలిచ్చి తొమ్మిది ఇంటరా? పదోదాన్ని బర్రెలకన్న ఇనిపియ్యుండ్రి," అనేదాన్ని. పాట బాగుందని కాదు. కొన్నదాన్ని పారేయటం నాకు నచ్చదు.

"ఇనిపించినం వదినమ్మా," అన్నాడు బట్టల దుకాణం పిల్లగాడు. "నల్ల బర్రె ఆ పూట పాలియ్యలే."

మా మరిదికి ముఖం మాడిపోయేది. అతనికి ఆ పాట మీద ఎంత పిచ్చి అంటే, దాన్ని ఎవరైనా తిడితే కన్నతల్లిని తిట్టినట్టు చూసేవాడు. దోస్తులకు అది తెలుసు. అందుకే ప్రతి ఆదివారం తిట్టేవాళ్లు.

మరిదికి పెళ్లి కుదిరింది. పిల్లది అఫ్జల్‌గంజ్ అవతలి గల్లీ, తండ్రి గోనెసంచులు కుట్టేవాడు. ఆ వారం గడ్డి గదిలో మాట ముదిరింది.

"హోటలోడు పెట్టడు, బ్యాండోడు కొట్టడు. ఏ బరాత్‌ల ఇన్నవ్ జెప్పు ఆ పాట?" అన్నాడు బట్టల దుకాణం పిల్లగాడు. "బ్యాండు కొట్టని పాట సచ్చిన పాట."

"నా బరాత్‌ల కొట్టిస్త."

"కొట్టియ్యి. బజార్ల ఒక్కడంటే ఒక్కడు చేతిల పని ఆపి ఇన్నా సరే, నేను ఓడిన. ఇంక ఆ పాటను ఒక్క మాటనను."

మిగతా ఇద్దరూ చేతిలో చెయ్యి వేయించారు.

బ్యాండు మాట్లాడింది నేనే. వెనక గల్లీలో ఉండే బ్యాండు మాస్టరును పిలిచాం. ఆయన క్లారినెట్టు వాయిస్తాడు. నలుగురు డోలువాళ్లు, ఇద్దరు బాకావాళ్లు ఆయన కింద. పెళ్లికీ ఆయనే, చావుకూ ఆయనే. వాళ్లకు పుస్తకాలు లేవు. రికార్డు విని చెవితో పట్టుకోవటమే వాళ్ల పని తీరు. మరిది డ్యూటీకి పోయాడు కాబట్టి నేనే సూది పెట్టి పదో పాట వినిపించాను. ఆయన వాకిట్లో నిలబడి కళ్లు మూసుకొని, చిటికెన వేలు ఆడిస్తూ విన్నాడు.

"రాగం దొరికింది అమ్మా. నడక దొరకలే. ఈ పాటల డోలే లేదు. మా డోలోళ్లకు ఏం కొట్టాల్నో చెప్పాలె. ఇంకొక్కసారి పెట్టుండ్రి."

"ఒక్కసారి ఇనిపించుమన్నరు, ఇనిపించిన," అన్నాను. "సూది అరుగుతది."

"రికార్డన్న ఇయ్యుండ్రి, రెండు దినాల్ల తెచ్చిస్త."

"గీతలు పడితె? మేం వాయించమన్నది ఒక్క పాట. పాతికేండ్ల సంది వాయిస్తున్నవ్, నీకు ఎన్నిసార్లు ఇనాలె?"

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. నాకు ఆ సూది ఇంకో నెల వస్తుందన్న తృప్తి తప్ప వేరే ఆలోచన లేదు.

పెళ్లి అయింది. సాయంత్రం పూలు కట్టిన కారులో పిల్లా పిల్లగాడూ కూర్చున్నారు. ముందు బ్యాండు, దాని ముందు ఎగిరే పిల్లలు, వెనక మేము. పెద్ద రోడ్డు నుంచి మా గల్లీ మలుపు దాకా తీన్మార్ దంచికొట్టారు. పిండి గిర్నీ దగ్గరికి రాగానే మా మరిది కారు అద్దం దించి చెయ్యి ఊపాడు. బ్యాండు మాస్టరు క్లారినెట్టు ఎత్తాడు.

రాగం బాగానే వచ్చింది. కానీ ఆ రాగం మెల్లగా నడిచేది. అంత మెల్లగా రోడ్డు మీద నడిచే దరువు డోలువాళ్ల చేతులకు ఒక్కటే వచ్చు. దెబ్బ, ఆగు. దెబ్బ, దెబ్బ, ఆగు. పాడె వెంట కొట్టే దరువు.

ఎగిరే పిల్లలు ఎగరటం ఆపారు. శవం పోతుంటే దుకాణాలవాళ్లు షట్టరు సగం దించి లేచి నిలబడటం మా దిక్కు రివాజు. ముందు కిరాణా కొట్టతను దించాడు. ఆ పక్కన పాన్ డబ్బావాడు లేచాడు. హోటల్లో పాట ఆగిపోయింది. గిర్నీలోంచి పిండి కొట్టుకున్న మొహంతో ఒక ముసలాయన బయటకు వచ్చి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని, పూల కారుకు రెండు చేతులూ జోడించాడు. సైకిలు మీద పోయేవాడు దిగి నిలబడ్డాడు. చూస్తుండగానే బజారంతా చప్పుడు లేకుండా నిలబడింది. కారులో పెళ్లిపిల్ల తల వంచుకొని కూర్చుంది. ఎవరు చనిపోయారోనని పక్క గల్లీ ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి, కొత్త బట్టల్లో ఉన్న మమ్మల్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

మా అత్త బ్యాండును ఆపించేసరికి పాట సగం అయింది. పిల్లను గడప దాటించేటప్పుడు హారతి పట్టటానికి ఒక్క ముత్తైదువా ముందుకు రాలేదు. నేనే పట్టాను.

ఆ ఆదివారం గడ్డి గదిలో సంబరం జరిగింది.

"ఓడిన భాయ్, ఒప్పుకుంటున్న," అన్నాడు బట్టల దుకాణం పిల్లగాడు. "ఏ పాటకన్న బజార్ బజార్ లేసి నిలబడ్డదా? తొమ్మిది పాటలు ఒక దిక్కు, ఇదొక్కటి ఒక దిక్కు!"

"నేను జెప్పలే?" అన్నాడు మా మరిది. పెళ్లినాడు కూడా అతని మొహం అంతగా వెలగలేదు. ఆ నెల పదో పాట వేసినన్నిసార్లు మిగిలిన తొమ్మిదీ కలిపి వేయలేదు. ఒకప్పుడు ఏడుపు అన్నవాడే ఇప్పుడు కొత్తవాళ్లను తీసుకొచ్చి, గాయకుడు మూడో చరణంలో ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో వేలు పెట్టి చూపించేవాడు.

గడ్డి గది గోడకు ఇవతల కొత్త కోడలు పిడకల పొయ్యి ఊదుకుంటూ ఉండేది.

పెళ్లయిన మూడో రోజు ఒక దూడ చచ్చింది. అది ముందునుంచే విరేచనాలతో పారుకుంటోంది, నాకు తెలుసు. మా అత్త మాత్రం ఒకటే మాట అన్నది. "శవం దరువుతోని అడుగు పెట్టింది. ఇంక ఎవర్ని తీస్కపోతదో." అప్పటినుంచి ఆ పిల్లను పాల క్యాన్లు ముట్టనివ్వలేదు. బర్రెల కొట్టంలోకి రానివ్వలేదు. గల్లీలో పేరంటాలకు నన్ను పిలిచేవాళ్లు, తనను పిలిచేవాళ్లు కాదు. మరిది తల్లికి ఎదురు చెప్పలేదు. నేను విన్నాను, చూశాను, రొట్టెలు చేశాను.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెల పుట్టింట్లో ఉండాలి కదా. మా అత్త నన్ను కొట్టంలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"పోనియ్యి. శ్రావణంల పిలవద్దు. ఒక నెల జూస్తరు, రెండు నెలలు జూస్తరు, వాళ్లకే సమజైతది."

"మరిది?"

"వానికి పాట ఉంది గద."

పిల్లకు ఈ సంగతి ఎట్లా తెలిసిందో తెలిసింది. ట్రంకు పెట్టెలో బట్టలు సర్దుతూ, ఇంట్లో తనవి ఏమీ మిగలకుండా సర్దింది. మరునాడు పుట్టింటివాళ్లు వస్తారనగా ఆదివారం గడ్డి గదిలో రికార్డు మోగుతుంటే, ఎప్పుడూ లేనిది, గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"ఆ పాట మల్ల మొదటికెల్లి పెట్టుండ్రి," అన్నది మొగుడితో. "కార్ల నాకు డోలే ఇనబడ్డది. పాట ఇనబడలే. గోడవతల కూడ సక్కగ ఇనబడదు. ఏ పాటకు నన్ను పంపిస్తున్నరో ఇని పోత."

మరిది సూది పెట్టాడు. వాకిట్లో పడుకున్న మా అత్త మంచం మీదనుంచే తల తిప్పింది. పిల్ల కదలకుండా చివరిదాకా విన్నది.

"దీంట్ల డోలు లేదు."

"లేదు చెల్లె. మొత్తం గిటారే. అదే కదా దీని గొప్ప!" అన్నాడు బట్టల దుకాణం పిల్లగాడు.

"మరి నా బరాత్‌ల చావు దరువు ఏడికెల్లి వచ్చింది? నేనైతే తీస్కరాలే. మా అమ్మోళ్లూ తీస్కరాలే."

మా అత్త లేచి కూర్చుంది. "బ్యాండోనికి పాట నేర్పిందెవరు?"

అందరూ నావైపు తిరిగారు. పదిహేనేళ్లు ఆ ఇంట్లో నా మాటకు తిరుగులేదు. ఒక్కసారే వినిపించానంటే, ఆ పిల్ల కూర్చున్న చోట పొయ్యి ముందు నేను కూర్చోవాలి. దానికి నేను సిద్ధంగా లేను.

"నేనే ఇనిపించిన," అన్నాను. "మూడుసార్లు. వానికి తలకెక్కలే."

సాయంత్రం మా ఆయన బ్యాండు మాస్టరును పిలిపించాడు. ఆయన వాకిట్లో, ఇదివరకు నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"ఒక్కసారే ఇన్న పటేలా. ఇంకోసారి పెట్టుమన్న. అమ్మనే సూది అరుగుతదన్నది."

"మూడుసార్లు," అన్నాను.

"అమ్మా, నా పిల్లల మీద ఒట్టు."

"నీ ఒట్లు నీ తాననే పెట్టుకో. మా ఇంటి కొత్త కోడలి నెత్తిన చావు దరువు కొట్టి, ఇప్పుడు నా మీద తోస్తవా?"

ఆయన నన్ను చూశాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. మా ఆయన, మరిది, దోస్తులు నలుదిక్కులా తిట్టారు. బట్టల దుకాణం పిల్లగాడు, ఎవరి పందెం వల్ల ఇదంతా మొదలైందో వాడే, అందరికంటే గట్టిగా తిట్టాడు. మా అత్త మంచం మీదనుంచి, "దోషం పిల్లది కాదు, వీనిది," అన్నది. ఆ ఒక్క మాటతో పిల్ల ఆ ఇంట్లో నిలిచింది. ఆషాఢానికి పుట్టింటికి పోయింది. శ్రావణం మొదటి శుక్రవారం మరిదే పోయి తీసుకొచ్చాడు. పాల క్యాన్లు దాని చేతికిచ్చాం. పిండటంలో నాకంటే చెయ్యి మంచిది.

ఆ తర్వాత మా గల్లీలో ఎవరి పెళ్లికీ ఆ బ్యాండును పిలవలేదు. నోటి మాట ఎంత దూరం పోతుందో అంత దూరం పోయింది. చావులకు మాత్రం పిలిచేవాళ్లు. బాకావాళ్లిద్దరూ ఆయనను విడిచి వేరే బ్యాండులో చేరారని విన్నాను.

నాలుగేళ్లకు మా అత్త పోయింది. మా ఆయన ఆ బ్యాండు మాస్టరునే పిలిపించాడు. ఎండ మండుతోంది. పాడె కట్టేలోగా డోలువాళ్లకు నీళ్లివ్వటానికి చెంబు పట్టుకొని నేనే పోయాను. అందరూ తాగారు. ఆయన చెంబు అందుకొని, పక్కన కింద పెట్టి, క్లారినెట్టు తుడుచుకున్నాడు. చిన్న కోడలు చూసింది. లోపలికి పోయి వేరే గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన నిలబడే తాగి గ్లాసు దాని చేతికే తిరిగిచ్చాడు. అది నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజు అడగలేదు, ఆ తర్వాత కూడా అడగలేదు.