ఫ్యాను ఆపిన ఆదివారం

మా లువీనియా అత్త క్యాట్‌ఫిష్ వేయిస్తే మా నాన్న వేళ్లు నాక్కుంటూ తినేవాడు. అదే అత్త గిటారు తీస్తే మాత్రం చెవులు మూసుకునేవాడు. సొంత అక్కే అయినా సరే.

చిన్నప్పుడు చీపురుకు చుట్టిన తీగ విప్పి, ఇంటి గోడకు మేకులతో బిగించి, సీసా మెడతో రుద్దుతూ అత్త వాయించడం నేర్చుకుందట. పెద్దయ్యాక కరెంటు గిటారు కొంది. ఓ శనివారం సారా కొట్టులో వాయించడానికి వెళ్తుంటే, ట్రక్కు మీంచి స్పీకరు పెట్టె జారిపడి లోపలి అట్ట చిరిగింది. బాగుచేయించే తీరిక లేక అలాగే వాయించింది. ఆ గరగరకు జనం బెంచీలెక్కి గంతులేశారు.

"ఇక దీన్ని అతికిస్తే నాకన్నా వెర్రిది ఉండదు" అంది అత్త.

తర్వాత మెంఫిస్ నుంచీ షికాగో నుంచీ వాయిద్యగాళ్లు వచ్చి, ఆమె చేతి చేపలు తిని, తమ కొత్త స్పీకర్లు కత్తితో కోసుకుని చూసేవారు. ఆ గరగర వాళ్లకు రాలేదు. కత్తితో కోస్తే వచ్చేయడానికి అదేమైనా అంగట్లో దొరికే సరుకా?

ఇంత పేరొచ్చినా అత్తకు ఒకే కోరిక, తను బాప్తిస్మం పొందిన చర్చిలో వాయించాలని. అక్కడ పాటలు నడిపించే పెద్ద డీకన్ మా నాన్న ఎల్జిన్.

"శనివారం సారా కంపు కొట్టే పెట్టెను ఆదివారం దేవుడి ముందు పెడతావా అక్కా?"

"ఒరేయ్, ఆ కంపు ఒకప్పుడు నీ చొక్కాకీ ఉండేదిరా. ఉతికింది నేనే!"

మా చర్చిలో పాత కీర్తనలకు పుస్తకాలుండవు. డీకన్ ఒక చరణం అందిస్తాడు, జనం దాన్ని సాగదీసి పాడతారు. ఆయన వేలు చూపితే తప్ప ఆ చోట మరొకరు నిలబడరు. ఆగస్టులో ఓ ఆదివారం, చర్చి పండుగనాడు నాన్న లేచి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ముందురోజు బేస్‌బాల్ ఆటలో అంపైరు మీద అరిచిన అరుపులకు గొంతు పూర్తిగా పోయింది.

చర్చంతా ఎదురుచూస్తోంది. విందుకు చేపలు తెచ్చిన అత్త వెనక బెంచీలో కూర్చుంది. గిటారూ స్పీకరు పెట్టె కూడా బయట ట్రక్కులోనే ఉన్నాయి. నాన్న కాసేపు నేల చూశాడు. తర్వాత ఆమెకేసి వేలు చూపించి, గిటారు వాయిస్తున్నట్టు చేతులాడించాడు.

అత్త వాటిని తెచ్చేసరికి, ఉన్న ఒక్క ప్లగ్గులోంచి ఫ్యాను తీగ నాన్నే పీకేశాడు.

"ఫ్యాను ఆపిందెవరమ్మా? చచ్చిపోతున్నాం!" అని ముందు బెంచీలోని పెద్దావిడ సిస్టర్ ఆర్జీ గొణిగింది.

అత్త సీసా మెడ వేలికి తొడిగి, నాన్న పలికే తీరులోనే, నడుమ ఆయన తీసే ఊపిరితో సహా, చరణం పలికించింది. మాట ఒక్కటీ లేదు. అయినా ఏ చరణమని అడిగినవాళ్లు లేరు, అందరూ అందుకున్నారు. రెండో చరణానికి సిస్టర్ ఆర్జీ చెమటలు కక్కుతూ లేచి చప్పట్లు కొట్టింది.

మరుసటి ఆదివారానికి నాన్న గొంతు వచ్చేసింది. అత్త ముఖం చిన్నబోయింది. గిటారు ట్రక్కులోనే వదిలేసి వెనక బెంచీలో కూర్చుంది. నాన్న తన చోటికి నడిచాడు, కానీ నోరు తెరవలేదు. వంగి ఫ్యాను తీగ పీకేశాడు.

"పెట్టె తెచ్చుకో అక్కా. నువ్వు అందించు, నేను పాడతాను" అన్నాడు.

ఇన్నేళ్లలో నాన్న చరణం అందించకుండా, జనంలో ఒకడిగా నిలబడి పాడటం అదే మొదలు. అత్త వాయిస్తూనే ఏడ్చింది.