గవాచి మీద బండ

1934 నవంబరు 10, శనివారం. ఇంట్లో ఉన్నవారు: అమ్మ, నా భార్య, నేను. మధ్యాహ్నం దాకా కమ్మరి.

ఆనాటి డైరీలో నేను రాసింది ఇంతే. మిగతాది రాయడానికి చెయ్యి రాలేదు.

నా భార్యకు ఉబ్బసం. ఇంకో వానాకాలం ఆ వంటింటి పొగలో గడిపితే మనిషి దక్కదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. మాది మట్టి మిద్దె. వంటింటికి కిటికీ లేదు. పొయ్యికి నేరుగా పైకప్పులో వదిలిన కంత, గవాచి, ఒక్కటే పొగకు దారి. చినుకు పడగానే మిద్దె ఎక్కి దానిమీద నాపబండ కప్పడం అమ్మ పని. ముప్పై ఏళ్లుగా ఆ పని ఇంకొకరికి విడవలేదు.

నేను మిషన్ బడిలో పంతులుని. బడి నడిపే దొరసాని ఇంగ్లండుకు వెళ్లిపోతూ తన ఇనుప బొగ్గుల పొయ్యి మాకిచ్చింది. కమ్మరి దానికి రేకు గొట్టాలు చేశాడు. పై గొట్టం సన్నమూతి కింది దాంట్లోకి దిగేలా అతికి, సందుల్లో బంకమట్టి మెత్తి, గవాచి గుండా పైకి తీశాడు. మిద్దె మీద జానెడు మూతి మిగిలింది.

"పైకప్పు దంతెలకు గొట్టం తగలకూడదప్పా. కట్టె కాల్తాది," అంటూ చుట్టూ రాళ్లు పేర్చాడు.

"ఇంట్లోకి రైలొచ్చినట్టుండాదే!" అంది అమ్మ.

"టికెట్టు తీసుకో అవ్వా, శ్రీశైలం దాకా ఎక్కిస్తా," అన్నాడు కమ్మరి.

"శ్రీశైలానికి రైలు యాడుండాది రా, దొంగ సచ్చినోడా?"

నా భార్య నవ్వింది. నవ్వుతో పాటు దగ్గు కూడా వచ్చింది.

అమ్మ బావికి పోయాక కమ్మరి నాతో అన్నాడు: "వాన పడకుండా, పొగ పోయేటట్టు పైన టోపీ పెట్టాల. సోమవారం తెస్తా. అంతదాకా ముట్టియ్యొద్దు. మూతి మూసుకుంటే బొగ్గుల విషగాలి ఇంట్లోనే నిలిచి ప్రాణానికే మోసం."

సాయంత్రం నా భార్య అడిగింది. "ఒక్కపూట పొగ లేకుండా వండుకుంటా. మబ్బేమన్నా ఉండాదా?"

ఆకాశం చూడకుండానే లేదన్నాను. బొగ్గులు నేనే ముట్టించి, వసారాలో పిల్లల పుస్తకాలు దిద్దుతూ కూర్చున్నాను.

వాన వచ్చింది. అమ్మ నిచ్చెన ఎక్కి దిగింది. జల్లు కొడుతోందని వంటింటి తలుపు దగ్గరగా వేసి, "కప్పేసినా. చుక్క దిగదు," అంది. ఎప్పుడూ వినే మాటలాగే విని తలూపాను. తలుపు సందులోంచి పొగ రాలేదు. బొగ్గులకు పొగ ఉండదు కదా. పొయ్యి బాగా పనిచేస్తోందని సంతోషించాను కూడా.

అన్నం మాడిన వాసనకు లేచాను. నా భార్య వంటింట్లో రోటి పక్కన పడి ఉంది. వానలోకే ఈడ్చుకొచ్చాను. చాలాసేపటికి వాంతి చేసుకుని కళ్లు తెరిచింది.

"ఏమాయరా? నేనేం జేసినా?" అంటూ అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"గొట్టం మూసేసినావు!" అని అరిచాను. కమ్మరి హెచ్చరించిన మాట చెప్పలేదు.

మరునాడు ఆదివారం. ప్రార్థనకు ఎవరం పోలేదు. నా భార్య గోడ పట్టుకుని లేచి, పాత పొయ్యిలో కంది కట్టె పెట్టి ఊదడం మొదలుపెట్టింది. పొగ వంటిల్లంతా కమ్మింది.

"టోపీ వస్తే ఆ పొయ్యే వాడుకోవచ్చు," అన్నాను.

"వద్దు. అత్త ఇంగొకసారి మర్చిపోయి మూస్తే? ఆ పాపం ఆమెకెందుకు?" అని దగ్గింది.

అమ్మ అప్పటికే మిద్దె మీద గొట్టం ఊడదీస్తోంది. ముక్కలు ఒక్కొక్కటే కిందికి అందించింది. నేను నిచ్చెన దగ్గర నిలబడి, కమ్మరి మాట అప్పుడు కూడా చెప్పకుండా అందుకున్నాను.