మెయిన్ బజారు సర్క్యూట్

ఆ రోజుల్లో నాకు సైకిలు తప్ప ఇంకో బండి నడపడం రాదు గానీ, మొనాకో వీధుల్లో ఏ మలుపు దగ్గర ఎంత ముందు బ్రేకు తొక్కాలో మాత్రం కళ్ళు మూసుకోని చెప్పేవాణ్ణి. అప్పుడు నాది డిగ్రీ రెండో ఏడు. మార్కాపురంలో కంప్యూటర్లు రిపేరు చేసే నా స్నేహితుడి గదిలో (వాణ్ణి ఊరంతా స్క్రూడ్రైవర్ అనేది, వాళ్ళమ్మతో సహా) ఒక కార్ల రేసు గేము ఉండేది. పేరున్న రేసు ట్రాకులన్నీ ఉన్నవి ఉన్నట్టు దాంట్లో దింపినారు. మనకు కావాల్సిన ట్రాకు మనమే గీసుకునే వీలు కూడా ఉండేది. ఒకరోజు స్క్రూడ్రైవర్ అన్నాడు, "మొనాకో కూడా ఊరే గదరా. వాళ్ళు వీధుల్లో రేసు పెట్టుకుంటే, మన మెయిన్ బజారుకేం తక్కువ?" ఇంత గొప్ప ప్రశ్న నన్ను కాలేజీలో ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున్నే టేపు, నోటుపుస్తకం, సుద్దముక్క పట్టుకోని బజార్లో దిగినాము. ఎండకు టోపీలు, దుమ్ముకు మొహానికి కర్చీఫులు. రోడ్డు వెడల్పు కొలవడం, కొలిచిన చోటల్లా అంగడి మెట్టు మీద గీత గీసి నంబరు వేయడం. మా నాయన కిరాణా అంగడికి ఏడో నంబరు పడింది. గాజులంగడి ఆమె షట్టరు ఎత్తుతా, "ఏంది సార్, కొలుస్తా ఉండారు?" అని అడిగింది. నన్ను సార్ అన్న మొదటి మనిషి ఆమే. ఆ మత్తులో, "వెడల్పు చాలట్లేదమ్మా, ఇంకో మూడడుగులు కావాల" అన్నాను. (రెండు కార్లు పక్కపక్కన పట్టాలి గదా!) తర్వాత గదికి పోయి మధ్యాహ్నానికల్లా ట్రాకంతా గీసేసినాము.

ఇంటికొస్తే నాయన కంచం ముందు ఊరికే కూర్చోని ఉన్నాడు. "మునిసిపాలిటీ వాళ్ళు గీతలు పెట్టి పోయినారంట. మన అంగడి మూడడుగులు పోతుందంట" అన్నాడు అమ్మతో. నేను అన్నం కూడా తినకుండా లేచినాను. స్క్రూడ్రైవర్ దగ్గరికి పరిగెత్తితే, "గమ్మునుండు, వానొస్తే సుద్ద అదే పోతుంది" అన్నాడు. (మా పక్క వానను నమ్ముకోని దాక్కోవడమంటే సంవత్సరం సరుకు దగ్గర పెట్టుకోవాల.)

సాయంత్రానికి బజారంతా అర్జీ రాసుకోని కౌన్సిలరు ఇంటికి బయలుదేరింది. అందరికంటే ముందు మా నాయన. బట్టలంగడి పెదనాయన మాత్రం, "వాళ్ళు కొడితే గోడ కూడా పోతుంది" అని మేస్త్రీని పిలిపించి తన మెట్టు తానే కొట్టిస్తా ఉన్నాడు. సమ్మెట దెబ్బ వినేసరికి ఇంక ఆగలేకపోయినాను. ఎదురుపోయి, "నాయనా, కొలిచింది మేమే" అన్నాను.

"ఎందుకురా?"

"కార్లాటకు."

మేస్త్రీ సమ్మెట పక్కన పెట్టి, "అయితే కొట్టాల్నా, వద్దా?" అని అడిగినాడు.

నాయన చెయ్యెత్తలేదు. "చూపించు పా" అన్నాడు. గదిలో పట్టినంతమంది పట్టినారు, మిగిలినోళ్ళు కిటికీ పట్టుకోని నిలబడినారు. నాయన అద్దాలు సర్దుకోని తెరంతా వెతికి, "మన అంగడి యాడరా?" అన్నాడు.

"ఆ మలుపు ఇరుగ్గా ఉందని... తీసేసినాము నాయనా."

"మునిసిపాలిటీ మూడడుగులే అడిగిందనుకుంటిమి. నా కొడుకు మొత్తం లేపేసినాడు!" అని ఆయనే మొదట నవ్వినాడు. తర్వాత కిటికీ కూడా నవ్వింది.

మరుసటి రోజు గీతలన్నీ తుడిచింది నేనే, పెదనాయన మెట్టుకు సిమెంటు కలిపిందీ నేనే. ట్రాకులో మా అంగడిని మళ్ళీ నిలబెట్టినాను. ఆ వారంలోనే నాయన ఆడతానని వచ్చినాడు. మేము రెండు చుట్లు తిరిగొచ్చినా ఆయన కారు అంగడి ముందే ఆగి ఉంది. నా కారు పోయి దానికే గుద్దుకుంది. "తొక్కు నాయనా, ఓడిపోతావు!" అని అరిచినాను.

"ఉండరా. ఎప్పుడూ లోపల కూర్చునేవాణ్ణే గదా, బయటినుంచి మన అంగడి ఇట్ల ఉంటుందని నేనెప్పుడు చూసినాను?" అన్నాడు.

ఆ గుద్దుడుకు నా రికార్డు టైము పోయిందని ఆ పూట నేను ఆయనతో మాట్లాడలేదు. పందొమ్మిదేళ్ళ వాడు, పాపం, వాడికి తెర మూలనున్న గడియారం తప్ప ఇంకేం కనబడుతుంది!