వరప్రసాదం తుండుగుడ్డ

వరప్రసాదం దిగులు పడకుండా ఒక్క పూట గడపగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. పాతికేళ్ళుగా కాపురం చేస్తున్న బుజ్జమ్మ అసలే చూడలేదు. ఎండ కాస్తే కొబ్బరి పిందెలు రాలిపోతాయని దిగులు. వాన పడితే పక్కింటివాళ్ళ కప్పు కారుతుందని దిగులు. ఎండా వానా లేక మబ్బుగా ఉంటే, ఏ సంగతీ తేలకుండా ఉందే అని అదో దిగులు.

గోదావరికి ఆనకట్ట కట్టిన కొత్తలో, కొత్తపేట పక్క పల్లెలో ఓ పదిళ్ళవాళ్ళు క్రీస్తును నమ్ముకున్నారు. అప్పుడే మన పోలయ్య బాప్తిస్మం పుచ్చుకుని వరప్రసాదం అయ్యాడు. "నీ దిగుళ్ళన్నీ ప్రభువుకి ఇచ్చెయ్యి. ఆయన చూసుకుంటాడు" అన్నారు ఉపదేశిగారు. ఇంకొకడైతే దిగులు పడడం మానేసేవాడు. ఈయన దానికో పద్ధతి పెట్టాడు. దిగులు పుట్టగానే, మరిచిపోకుండా తుండుగుడ్డ అంచుకో ముడి వేసేవాడు. సాయంత్రం ప్రార్థనలో ముడులు ఒక్కొక్కటే విప్పుతూ ఒక్కో దిగులే అప్పజెప్పేవాడు. దానికి ముందు తనెవరో చెప్పుకోవాలి కదా!

"ప్రభువా, నేను వరప్రసాదాన్ని. తాటితోపు పక్కన మూడో పాక. నిరుటిదాకా పోలయ్యని. పాత పేరు పెట్టి వెతికేవు సుమా, దొరకను."

"ఆయనకి తెలవదేటయ్యా!" అని తల కొట్టుకునేది బుజ్జమ్మ.

"కొత్త పేరు కదే. కరణంగారికే ఇంకా అలవాటవలేదు."

ప్రార్థన అయ్యాక కాసేపు హాయిగా కూర్చునేవాడు. అంతలోనే మెల్లగా, "ఏవే, ఆయన అందుకున్నాడంటావా?" అంటూ మళ్ళీ ముడి వేసేసేవాడు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని బుజ్జమ్మ ప్రయాణం చేయవలసి వచ్చింది. దిగువన, సముద్రం వైపు పోలవరంలో ఉన్న కూతురు హన్నాని పురిటికి తీసుకురావాలి. ఏడో నెలలోనే తేవలసింది, అత్తగారికి జబ్బు చేసి ఆగిపోయింది. హన్నాకి తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి నెలలు నిండుతున్న కొద్దీ ఆ పిల్ల నవ్వడం మానేసింది, అన్నం మానేసింది, పొట్ట మీద చెయ్యేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటోంది. దాన్ని చూడగానే బుజ్జమ్మకి ప్రాణం ఉసూరుమంది. ఈ స్థితిలో ఈ దిగులుగొట్టు తండ్రి పక్కన కూర్చుంటే పిల్ల ఇంకేమైపోతుందోనని ఆమె భయం.

తిరుగు ప్రయాణానికి ముగ్గురూ సరంగు గంగరాజు గూడు పడవ ఎక్కారు. రేవు దాటకముందే వరప్రసాదం మొదలుపెట్టాడు.

"గంగరాజూ, నీ తెరచాపకి చిరుగుందయ్యా. గాలంతా అందులోంచి పోతే వృథా కాదూ?"

"ఊదేవోడు పైనున్నాడు కదండీ పెద్దాయనా, మీకెందుకండీ?" అని దగ్గుతూ నవ్వాడు గంగరాజు. చిరుగుకో ముడి, దగ్గుకో ముడి పడ్డాయి.

ఒడ్డున కొంగ కనబడింది. "హన్నా, చూడు. ఆ కొంగ ఎప్పట్నుంచి ఒంటికాలి మీదుందో! కాలు తిమ్మిరెక్కితే ఎలా దిగుద్దమ్మా?" ఇంకో ముడి.

"నోర్ముయ్యవయ్యా! పిల్ల హడిలిపోతోంది" అంది బుజ్జమ్మ.

ఆయన వింటేనా? "ఇన్ని నీళ్ళూ పోయి సముద్రంలో పడిపోతున్నాయి. అవతలి గట్టునున్నోళ్ళ కొంపలు మునిగిపోవూ?"

"సముద్రానికి అవతలి గట్టేటి నాన్నా!" అని ఫక్కున నవ్వింది హన్నా. నవ్వాక కాస్త చద్దన్నం కూడా తింది. బుజ్జమ్మ అది చూసింది గాని, మొగుణ్ణి కసరడం మాత్రం ఆపలేదు.

మిట్టమధ్యాహ్నం పడవ ఇసుక మేట ఎక్కేసింది. గెడ వేసి తోశారు, దిగి నెట్టారు. ఊహూ. "సముద్రం పోటు రావాలండి. అప్పటిదాకా అంగుళం కదలదండి" అన్నాడు గంగరాజు. సరిగ్గా అప్పుడే హన్నా తల్లి చెయ్యి పట్టుకుంది. నొప్పులు!

మంత్రసాని లేదు, ఊరు లేదు, చుట్టూ ఇసుకా నీళ్ళూ. బుజ్జమ్మ మగవాళ్ళిద్దర్నీ ఇసుకలోకి దింపి, గూటికి చీర అడ్డం కట్టింది. "అమ్మా, ఈ బిడ్డ కూడా..." అంటూ తల్లి కొంగు పట్టుకుంది హన్నా.

చీర అవతల నుంచి వరప్రసాదం గొంతు ఖంగుమంది. "హన్నా! ఈ ఎండ్రకాయ అడ్డంగా నడుస్తోందమ్మా. దీనికి ఎదురుగా పనుంటే ఎలా ఎల్తదో!"

"ఏవయ్యా, బుద్ధుందా నీకు!" అని అరిచింది బుజ్జమ్మ.

"అరవనీ అమ్మా" అంది హన్నా, నొప్పికీ నవ్వుకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "నాన్న మాటాడతంటే నాకు భయవెయ్యట్లేదు."

అంతే, బుజ్జమ్మ నోరు మూసుకుని పని చూసుకుంది. అవతల ఎండ్రకాయ అయింది, నత్త అయింది, చేపలకి దాహం వేస్తే ఏం చేస్తాయన్నదీ అయింది. పొద్దు వాలేలోపు ఆడపిల్ల పుట్టి, మేటంతా మారుమోగేలా కెవ్వుమంది. బుజ్జమ్మ ఏడ్చేసింది.

బిడ్డని గుడ్డలో చుట్టుకుని బయటికి వచ్చేసరికి వరప్రసాదం మోకాళ్ళ మీద ఉన్నాడు. తుండుగుడ్డ నిండా ముడులే.

"ఇందులో హన్నా ముడి ఏదయ్యా?"

"లేదే."

"లేకపోడవేంటి? కొంగక్కూడా వేసేవే!"

"బయల్దేరిన రోజు పొద్దున్నే ఆయనకి అప్పజెప్పి విప్పేసేను. మళ్ళీ వెయ్యలేదు. అది నా దగ్గరుంటే నా మొహంలో కనబడిపోద్ది. పిల్ల నా మొహవే చూస్తంది కదే."

"మరి ఈ కొంగలూ, ఎండ్రకాయలూ?"

"చేతులు ఖాళీగా ఉంటే మళ్ళీ ఆ ముడే వేసేస్తాయని. పైగా పిల్ల నవ్వుతోంది."

బుజ్జమ్మకి సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకాలే బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. మనవరాల్ని ఆయన చేతుల్లో పెట్టేసింది.

పోటు వచ్చింది. పడవ తేలింది. వరప్రసాదం బిడ్డ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. రెండు లంకలు దాటినా నోరు విప్పలేదు. గంగరాజు తెడ్డు ఆపి మరీ చూశాడు.

"ఏదో ఒకటి అనవయ్యా! నువ్విలా ఊరుకుంటే నాకు గుండె దడొస్తోంది" అంది బుజ్జమ్మ.

వరప్రసాదం తలెత్తి, బెరుకు బెరుగ్గా చూశాడు.

"పిల్లకి అచ్చం నీ ముక్కే వచ్చిందే. ఆ మాట నీకెలా చెప్పాలా అని ఆలోచిస్తన్నాను."