సంపూర్ణమ్మ తిట్లు తిరిగొచ్చాయి

పుట్టినప్పుడే ముసలయ్య అని పేరు పెట్టించుకున్న ఆ మనిషికి, పేరుకి తగ్గ రూపం డెబ్బయ్యో ఏట గానీ రాలేదు. ఎదుర్లంకలో గోదావరి ఒడ్డున ఇల్లు. ఒకప్పుడు యానాం రేవుకి నావ నడిపేవాడు. వంతెన కట్టాక వల పట్టాడు. మోకాళ్లు మొరాయించాక అరుగు పట్టాడు.

భార్య సంపూర్ణమ్మ యానాం మార్కెట్లో చేపలమ్మేది. ఆవిడ నోటికి బేరమాడేవాళ్లే కాదు, పక్క బుట్టలవాళ్లూ జడిసేవారు. ఇంట్లో ఆ నోటికి మొదటి బేరం ముసలయ్యే. కాపురానికొచ్చింది మొదలు, తిట్టు నంజుకోకుండా ఆయన తిన్న ముద్ద లేదు. అలాంటిది రెండేళ్ల క్రితం ఆ నోరు నెమ్మదించింది. మొదట అందరూ సంతోషించారు. ముసలయ్య మరీను.

తర్వాత అసలు సంగతి బయటపడింది. ఆవిడ చందువా చేపని చేతిలో పట్టుకుని దాని పేరు కోసం తడుముకునేది. రోజూ నడిచే దారిలో ఆగి మా ఇల్లెటని అడిగేది. పక్కింట్లో ఉండే కూతురు వీరదుర్గ ఆవిడ చేత బుట్ట మాన్పించి, ఆ బుట్ట తను అందుకుని, ఆవిడని కాకినాడ తీసుకెళ్లింది. అల్జీమర్స్ అన్నారు. మాత్రలు రాశారు.

ముసలయ్య బాధపడ్డాడు, అది నిజం. ఆ బాధని యానాంలో కాస్త తడుపుకుని రావడం అలవాటు చేసుకున్నాడు, అదీ నిజమే. అక్కడ మందు చవక. ఓ సాయంత్రం చొక్కా తొడుక్కుంటుంటే ఎక్కడికని ఆవిడ అడిగింది. నోటికొచ్చింది చెప్పేశాడు.

“మీ సత్తిరాజు మావకి ఒంట్లో బాలేదంట. చూసొస్తాను.”

సత్తిరాజు ఆవిడ మేనమామ. పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి సంపూర్ణమ్మకి గుర్తులేదు. “అయ్యో మావా!” అని కళ్లొత్తుకుని, గిన్నెలో చేపల పులుసు పోసిచ్చింది. రోగిష్టి మనిషికి కదాని కారం బాగా తగ్గించింది. ఆ చప్పిడి పులుసు యానాం దుకాణం వెనకాల కూర్చుని ముసలయ్యే తినాల్సొచ్చింది. అయినా అబద్ధం పారింది కదాని వదల్లేదు. నెలల తరబడి పాపం సత్తిరాజుకి నయం కాలేదు.

ఆ రోజుల్లోనే కాకినాడ డాక్టరు అశ్విని అయస్కాంతం వైద్యం గురించి చెప్పింది. మిషను తలకి ఆనిస్తారు, అది మెదడుని తట్టి లేపుతుంది. కోత లేదు, మత్తు లేదు.

“నయమైపోద్దాండి?” అన్నాడు ముసలయ్య.

“జబ్బు పోదండీ. కొంతమందికి కొన్నాళ్లపాటు జ్ఞాపకం, మాట కాస్త మెరుగవుతాయి. కొంతమందికి ఏ తేడా ఉండదు. మాత్రలు మాత్రం ఆపకూడదు.”

“మరి ముక్కుపుడక లాగేస్తదేమోనండి?”

“బంగారాన్ని అయస్కాంతం లాగదండీ. అయినా తీసేద్దాం.”

“బంగారమనే ఇచ్చానండి,” అన్నాడు ముసలయ్య గొంతు తగ్గించి.

రోజూ ఇద్దరూ బస్సెక్కి వెళ్లొచ్చేవారు. రెండు గారెలు పక్కపక్కన అతికించినట్టుండే పరికరం ఆవిడ తల మీద పెట్టి మిషను వేస్తే టకటకమనేది. “తలుపెవరో కొడతన్నారు, తియ్యండి బాబూ,” అనేది సంపూర్ణమ్మ. మొదట్లో అంతకు మించి మార్పేమీ కనబడలేదు.

కొన్ని వారాలకి, ముసలయ్య మళ్లీ చొక్కా తొడుక్కుంటున్నాడు. పులుసు తోడుతున్న సంపూర్ణమ్మ గరిటె ఆపింది.

“ఏమయ్యా, సత్తిరాజు మావ పోయాడు కదా?”

ముసలయ్య చెయ్యి గుండీ దగ్గరే ఉండిపోయింది.

“దినం భోజనాలకి నువ్వు తాగొచ్చి పందిరి మీద పడ్డావు. మరి ఇన్నాళ్లూ నా పులుసు ఎవడు మింగాడు?”

“నేనేనే. కారం లేకుండా మింగాను.”

ఇక మొదలైంది. మొగుడి తాతతో ఎత్తుకుని మొగుడి మోకాళ్ల దాకా ఏ ఒక్కరినీ, ఏ ఒక్కదాన్నీ వదల్లేదు. రెండేళ్ల బాకీ ఒక్కసారే తీర్చింది. వీధి వీధంతా గుమిగూడింది. పరిగెత్తుకొచ్చిన వీరదుర్గ గుమ్మం పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. ముసలయ్య ఫోను తీశాడు.

“మేడంగారండీ, తిట్టిందండి!”

“ఎవరినండీ?”

“నన్నేనండి! పేరెట్టి మరీ! మా నాన్న పేరు కూడా గుర్తొచ్చిందండి!”

డాక్టరు నవ్వి మర్నాడు పరీక్ష చేసింది. “ఇది ఏ నెలమ్మా?” అంటే, “నీకు తెలీదా డాక్టరమ్మా?” అంది సంపూర్ణమ్మ. కాస్త ఆలోచించి సరిగ్గానే చెప్పింది. మెరుగే గానీ, ఎన్నాళ్లుంటుందో చెప్పలేమంది డాక్టరు.

కొన్ని నెలలు బాగానే నిలిచింది. సంపూర్ణమ్మ మార్కెట్లో కూతురి పక్కన కూర్చుని బేరాలు చెడగొట్టి మరీ గెలిచేది. యానాం వెళ్తానంటే ముసలయ్యని ఎవరికి ఒంట్లో బాలేదని అడిగేది. ఆయన చొక్కా విప్పేసేవాడు.

వానలు వెనకబట్టేసరికి ఆవిడ మాటలు మళ్లీ మసకబారాయి. ఇంకొన్నాళ్లు మిషను పెట్టి చూద్దామన్నారు. ఈసారి ముసలయ్యే ముందు లేచి, ఆవిడకి తల దువ్వి, వంకర జడ వేసి బస్సెక్కిస్తున్నాడు. కొన్నిరోజులు ఆ జడకి తిడుతుంది. కొన్నిరోజులు కిటికీలోంచి గోదావరిని చూస్తూ ఊరుకుంటుంది. అప్పుడప్పుడూ మొగుణ్ని “చినబాబూ” అని మరిది పేరుతో పిలుస్తోంది. మొదట్లో ముసలయ్య దిద్దేవాడు. ఇప్పుడు “ఏంటే?” అని పలుకుతున్నాడు.